గుట్ట పేరు గుట్టే

బ్రీడన్ ఆన్ ది హిల్ అనే ఊరు కొండ మీద లేదు, కొండ కింద ఉంది. పైన ఉన్నది చర్చి ఒక్కటే. దాని చుట్టూ సమాధులు, ఆ సమాధుల గోడ దాటితే రాతి క్వారీ. ఇంగ్లండులో లెస్టర్‌షైర్ వాయవ్య మూలన, డెర్బీషైర్ పొలిమేరకు ఆనుకొని ఉంటుందీ ఊరు. డెర్బీలో ఉండే మా బిడ్డ ఒక ఆదివారం కారులో తీసుకుపోయింది. "నాయినా, అక్కడ కొండ మీద గుడి ఉంటది, మన గుట్ట లెక్కనే" అన్నది.

మన గుట్ట అంటే యాదగిరిగుట్ట. మా వైపు ఎవరూ పూర్తి పేరు పలకరు. భువనగిరి బస్టాండులో కండక్టరు "గుట్ట, గుట్ట" అని కేకేస్తాడు. మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్ళు "గుట్టకు పోతున్నం" అంటారు. చుట్టూ ఎన్ని గుట్టలున్నా ఆ మాట అనగానే ఏ గుట్టో ఎవరూ అడగరు.

నా పేరు యాదగిరి. ముప్పై మూడేళ్ళు సర్వే శాఖలో చేశాను. గొలుసు లాగడం, హద్దురాళ్ళు వెతకడం, పాత కొలతలున్న టిప్పన్ పక్కన పెట్టుకొని నక్షా సరిచూడడం నా పని. ఊళ్ళ పేర్లు, కుంటల పేర్లు, గుట్టల పేర్లు కొన్ని వేలు రాసి ఉంటాను. పేరు అంటే ఏమిటన్న ప్రశ్న నాకు పుస్తకంలోంచి రాలేదు, పొలం గట్ల మీద నడుస్తుంటే వచ్చింది. దానికి జవాబు లాంటిది ఒకటి ఏడు సముద్రాల అవతల, నాకు రాని భాషలున్న చోట ఎదురైంది. అందుకే ఇది రాస్తున్నాను.

బ్రీడన్ పేరు సంగతి ఇది. ఆ నేల మీద మొదట ఉన్నవాళ్ళు మాట్లాడింది పాత బ్రిటన్ భాష. ఇప్పటి వెల్ష్ భాషకు అది తల్లి. అందులో 'బ్రె' అంటే కొండ. అయిదు, ఆరు శతాబ్దాల్లో సముద్రం దాటి ఆంగ్లులు వచ్చారు. వాళ్ళ పాత ఇంగ్లీషులో కొండను 'డూన్' అంటారు. అక్కడున్నవాళ్ళు 'బ్రె' అంటుంటే విన్నారు, అది ఆ కొండకు పెట్టిన పేరనుకొని తమ మాట దానికి తగిలించారు. బ్రెడూన్ అయింది. మళ్ళీ కొన్ని వందల ఏళ్ళకు ఆ 'డూన్' కూడా అరిగి 'డన్' అయి, అందులో కొండ ఉందన్న సంగతి ఎవరికీ వినపడకుండా పోయింది. అప్పుడు 'ఆన్ ది హిల్' చేరింది. కొండ మీద ఉన్న కొండకొండ అన్నమాట.

ఆ దేశంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. లాంకషైర్‌లో పెండిల్ హిల్ ఉంది, అందులోనూ మూడు కొండలే. బకింగ్‌హమ్‌షైర్‌లో బ్రిల్ అనే ఊరు పేరు చిన్నదే అయినా లోపల రెండు కొండలున్నాయి. ఏవన్ నది పేరులోని ఏవన్‌కు అర్థం నది. ఈ సంగతులు చెప్పేవాళ్ళు సాధారణంగా నవ్వుతూ చెబుతారు. పాతవాళ్ళ మాట కొత్తవాళ్ళకు తెలియలేదు, తెలియక ఒకే మాట మూడుసార్లు అన్నారు, అదీ తమాషా అన్నట్టు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే యాదగిరిగుట్టలో గిరి అంటే ఏమిటి? గుట్ట అంటే ఏమిటి? తిరుమల కొండ అంటాం. 'మల' అంటేనే కొండ. నల్లమల కొండలంటాం. మా జిల్లా 2016లో ఏర్పడినప్పుడు యాదాద్రి భువనగిరి అని పేరు పెట్టారు. అద్రి ఒక కొండ, గిరి ఒక కొండ. తిరుమల కొండకు దణ్ణం పెట్టేవాళ్ళు తెలియనితనం కొద్దీ అలా అంటున్నారని నేను అనలేను. ఒకవేళ తెలియనితనమే అయితే, అది ఎలాంటి తెలియనితనమో ఆగి చూడాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది ఒకటి చెబుతాను. ఒక ఊరి పొలిమేర కొలుస్తున్నాను. నక్షాలో గుట్ట గీసి ఉంది, పేరు లేదు. గొర్లు కాస్తున్న ముసలాయనను అడిగాను.

"ఈ గుట్ట పేరేంది తాతా?"

"గుట్టనే."

"అదే, దాని పేరేంది?"

"ఏం పేరుంటది సారూ, గుట్టనే" అన్నాడు. ఆయన గొంతులో విసుగు లేదు, ఇంత పిల్లగానికి ఇది కూడా తెలియదా అన్న జాలి ఉంది.

ఆ రోజు నా నోట్‌బుక్కులో 'పేరు లేదు' అని రాసుకున్నాను. అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పేరు ఉంది. దాని పేరు గుట్ట. రెండు ఉన్నప్పుడే ఒకదాన్ని ఇంకోదాని నుంచి విడదీయడానికి వేరే పేరు కావాలి. ఆ మనిషి బతుకులో గుట్ట ఒక్కటే. పొద్దున దాని మీదికే పోతాడు, పొద్దుగూకితే దాని మీది నుంచే దిగుతాడు. ఆయనకు 'గుట్ట' అన్నది జాతిని చెప్పే మాట కాదు, పిలిచే మాట. పదిహేను వందల ఏళ్ళ కింద బ్రీడన్ కొండ మీద నిలబడి 'బ్రె' అన్న మనిషిని నేను ఈ తాత రూపంలోనే చూస్తాను. కొత్తగా వచ్చిన ఆంగ్లుడు నా లాగే నోట్‌బుక్కు పట్టుకొని "దీని పేరేంది" అని అడిగి ఉంటాడు.

దేవుడి విషయంలో కూడా ఇదే జరుగుతుందని నాకు అనిపిస్తుంది. మా అమ్మకు నేను పుట్టక ముందు ఇద్దరు బిడ్డలు పోయారు. గుట్టకు పోయి పదకొండు రోజులు ప్రదక్షిణలు చేసి, మగపిల్లవాడు పుడితే స్వామి పేరు పెట్టుకుంటానని మొక్కింది. స్వామి పేరు లక్ష్మీనరసింహుడు. నాకు పెట్టింది మాత్రం గుట్ట పేరు. మొక్కు తప్పానని అమ్మ ఒక్కనాడూ అనుకోలేదు. ఆమెకు గుట్ట, స్వామి ఒకటే. మాట్లాడేటప్పుడు నరసింహుడని కూడా అనేది కాదు, "స్వామీ" అనేది. స్వామి అంటే యజమాని, అందరికీ వాడే మామూలు మాట. ఇంగ్లండు చర్చిలో ప్రార్థన చేసేవాళ్ళు కూడా 'లార్డ్' అంటారు, ప్రభువు అని, అదీ మామూలు మాటే. ఎదుట ఉన్నది ఒక్కటే అయినప్పుడు మామూలు మాట చాలు. ఆ ఒక్కదానికే దాన్ని వాడి వాడి, ఇంకెవరికీ వాడలేనంతగా చేసుకుంటాం.

బడిలో తెలుగు సారు పంకజం పాఠం చెప్పింది అందరికీ గుర్తుండే ఉంటుంది. పంకంలో పుట్టేది పంకజం. బురదలో కప్ప కూడా పుడుతుంది, కానీ కప్పను పంకజం అనం. అర్థం ఒకటి చెబుతుంటే రూఢి దాన్ని పట్టి తామర దగ్గర కట్టేస్తుంది. రిటైరైన తర్వాత భువనగిరిలో ఒక సంస్కృతం సారు దగ్గర సాయంత్రాలు కూర్చుంటున్నాను. ఆయన పదాల పుట్టుక చెప్పే నిరుక్తం చెప్పారు. పేర్లన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడు అంటాడట, గార్గ్యుడు ఒప్పుకోడట. పరుగెత్తి దారిని వ్యాపించేది అశ్వమైతే దారిని వ్యాపించే ప్రతిదాన్నీ అశ్వం అనాలి కదా అని గార్గ్యుడి ఆక్షేపణ. నిరుక్తం రాసిన యాస్కుడు శాకటాయనుడి పక్షం. నాకు ఆ రెండు పక్షాల మధ్య నిలబడాలనిపిస్తుంది. ప్రతి పేరుకూ పుట్టుక ఉంటుంది, అది నిజం. కానీ పేరు బతికేది పుట్టుక వల్ల కాదు, పిలుపు వల్ల. పుట్టుక తెలిసినవాడు ఒక్కడూ మిగలకపోయినా బ్రీడన్‌కు ఉత్తరాలు చేరుతూనే ఉన్నాయి.

పిలుపు లేకపోతే ఏమవుతుందో చెప్పే ఊరు కూడా ఒకటి ఉంది. కంబ్రియాలో టార్పెన్‌హో అనే పల్లె. అక్కడివాళ్ళు దాన్ని ట్రిపెన్నా అన్నట్టు పలుకుతారు. ఆ పేరులో టార్, పెన్, హో అని మూడు కొండలున్నాయనీ, దాని పక్కన టార్పెన్‌హో హిల్ ఉంది కనుక మొత్తం నాలుగనీ ఒక కథ చాలా దూరం పాకింది. తీరా అక్కడికి పోయి వెతికితే ఆ పేరుతో ఎవరూ పిలిచే కొండ లేదు. వ్యుత్పత్తి మీద మోజుతో పుట్టిన కొండ అది. నాలుగు అర్థాలు పేర్చినా దాన్ని పిలిచే గొర్లకాపరి ఒక్కడు లేడు కాబట్టి అది పేరు కాలేదు. నక్షాలు గీసినవాడిగా చెబుతున్నాను, కాగితం మీద ఇలాంటి పేర్లు నేను చాలా చూశాను.

బ్రీడన్ నుంచి వచ్చిన రాత్రి మా చెల్లెతో ఫోన్లో మాట్లాడాను. "ఏడికి పోయినవే అన్నా" అని అడిగింది. "బ్రీడన్ గుట్టకు పోయొచ్చిన" అన్నాను. ఫోన్ పెట్టేసిన తర్వాత వినపడింది నాకు నేనన్న మాట. పొద్దుటి నుంచి ఆ పేరులోని మూడు కొండల గురించే బిడ్డతో మాట్లాడుతున్నాను. అర్థం పూర్తిగా తెలిసీ నాలుగోది చేర్చాను. చెల్లెకు అది ఎలాంటి చోటో చెప్పాలంటే నా నోటికి గుట్ట అన్న మాట కావాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ ఆంగ్లుడికి తెలిసినా 'డూన్' అనే ఉండేవాడని. పాతవాడి మాటతో కొండ పాతవాడిదిగానే ఉంటుంది. నీ అమ్మ నేర్పిన మాటతో ఒకసారి పిలిస్తేనే అది నీకూ కొండ అవుతుంది.

బ్రీడన్ కొండ మీద క్రీ.శ. 675 ప్రాంతంలో మఠం వెలిసింది. ఇనుప యుగంనాటి కోట గట్టు అంతకు ముందే అక్కడ ఉంది, దాని లోపలే మఠం కట్టుకున్నారు. 731లో ఆ మఠంలోని టాట్విన్ అనే సన్యాసిని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా చేశారు. అదే ఏడు తన చరిత్ర గ్రంథం ముగిస్తూ చరిత్రకారుడు బీడ్ ఆ సంగతి రాశాడు, మఠం పేరు బ్రియుడూన్ అని రాశాడు. ఈ టాట్విన్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం ఏర్పడింది. ఆయన లాటిన్‌లో ఒక వ్యాకరణం రాశాడు, నలభై పొడుపుకథలు రాశాడు. వ్యాకరణం పాత లాటిన్ వ్యాకర్త దొనాతుస్ దారిలో నడిచేది. ఆ సంప్రదాయంలో నామవాచకం చెప్పగానే దాన్ని రెండుగా చీలుస్తారు, ఒక్కరికే చెందే పేరు, అందరికీ చెందే పేరు అని. ఆ చీలిక గురించి రాసినవాడు కొండ అనే మామూలు మాట రెండుసార్లు కలిసి ఒక్కదానికే చెందే పేరైపోయిన మఠం నుంచి వచ్చినవాడు. ఇక పొడుపుకథలు. మొదటిది తత్త్వశాస్త్రం మీద. అక్షరాల మీద, కలం మీద, రాసే తోలు మీద కూడా ఉన్నాయి. పొడుపుకథ అంటే ఏమిటి? వస్తువు గురించి అంతా చెప్పి పేరు ఒక్కటి దాచడం. ఊరి పేరు దానికి తలకిందులు. పేరు ఒక్కటే చేతికిచ్చి మిగిలినదంతా దాచేస్తుంది. రెండింటినీ విప్పడానికి ఒకటే దారి, తల ఎత్తి చూడడం.

చర్చి లోపల పాత మఠం శిల్పాలు గోడల్లో పొదిగి ఉన్నాయి. పన్నెండు వందల ఏళ్ళనాటివి. మధ్యయుగాల్లో అక్కడే ఇంకో మఠం కట్టుకున్నవాళ్ళు ఆ రాళ్ళను పారేయకుండా గోడల్లో కలుపుకున్నారు. 1539లో ఆ మఠమూ మూతపడింది, సగం భవనం పోయింది, మిగిలిన తూర్పు భాగమే ఇప్పటి చర్చి. జానెడు వెడల్పున్న రాతి పట్టీల్లో ద్రాక్షతీగలు, వాటిని పొడుస్తున్న పక్షులు, ఒకదాన్నొకటి తరుముతున్న జంతువులు. ఒక పక్షి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కన్ను ఉండాల్సిన చోట బరమాతో తొలిచిన గుంట ఉంది. ఆ గుంటలో నీడ నిలిచి, నేను పక్కకు జరిగినప్పుడల్లా అది కూడా చూపు మార్చినట్టు అయింది. ఒక దేవదూత శిల్పం గంటలు మోగించే గదిలో ఉంటుంది, కింద చూసేవాళ్ళ కోసం దాని అచ్చు పెట్టారు. చెయ్యి ఎత్తి, వేళ్ళు మడిచి దీవిస్తూ ఉంటుంది. ఆ కొండ గురించి ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. చర్చిని ముందు కిందే కట్టబోయారట, పగలు పేర్చిన రాళ్ళను రాత్రి పావురాలు పైకి మోసుకుపోయేవట. ఇలాంటి స్థలపురాణం మా వైపు ఏ గుట్టకు పోయినా దొరుకుతుంది.

బయటికి వచ్చి తూర్పు వైపు నడిచాం. కొన్ని సమాధులు దాటగానే కంచె. దాని అవతల కొండ లేదు. మెట్లు మెట్లుగా కోసిన సున్నపురాయి గోడలు, చాలా లోతున పసుపుపచ్చ దుమ్ము, అగ్గిపెట్టెంత కనపడుతున్న లారీ. పాత కోట గట్టు సగానికి పైగా ఆ గుంటలో పోయింది. ఆ ఊరి పేరుతో అమ్మే బంగారు రంగు కంకర పార్కుల్లో కాలిబాటల మీద పరుస్తారు. బిడ్డ ఏదో చెబుతోంది, నాకు వినపడలేదు. నాకు మా బోడగుట్ట గుర్తొచ్చింది.

బోడగుట్ట మా ఊరికి రెండు కిలోమీటర్లు. చెట్టు లేని నున్నటి రాతి గుట్ట. దాన్ని క్రషర్‌కు లీజుకిచ్చినప్పుడు హద్దులు కొలిచి చూపించింది నేనే. పదకొండెకరాల చిల్లర. నాలుగు మూలలా సున్నం పూసిన రాళ్ళు పాతించి సంతకం పెట్టాను. ఇప్పుడక్కడ నీళ్ళు నిలిచిన గుంత ఉంది. రోడ్డు మీద బస్సు ఆగే చోటును ఇప్పటికీ బోడగుట్ట స్టేజీ అంటారు. మా తమ్ముని మనుమడు ఒకసారి బస్సు దిగుతూ అడిగాడు, "బోడగుట్ట ఏది తాతా?" అని. నేను గుంత వైపు చెయ్యి చూపించాను. వాడు గుంతను చూసి నన్ను చూశాడు.

తర్వాత ఇంటి దగ్గర బిడ్డ వెతికి చెప్పింది. వేల్స్‌లో ఆంగ్లెసీ దీవి మీద మోయిల్‌వ్రే అనే ఊరుంది. మోయిల్ అంటే బోడి. వ్రే అంటే బ్రీడన్‌లోని ఆ 'బ్రె'నే, వెల్ష్‌లో ముందు మాటను బట్టి బ కాస్తా వ అవుతుంది. అంటే బోడగుట్టే. నా చేతుల మీదుగా పోయిన గుట్ట పేరు అంత దూరాన వేరే భాషలో వినపడినప్పుడు ఆ పూట నాకు అన్నం సహించలేదు.

దేవుడి కన్నా దేవుడి నామం గొప్పదని మనవాళ్ళు చెబుతారు. రాముడు వారధి కట్టుకొని దాటిన సముద్రాన్ని హనుమంతుడు నామంతో దాటాడని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను. రూపం పోయినా నామం నిలుస్తుందన్నది నాకు ధైర్యాన్నిచ్చిన మాట. ఆ కంచె దగ్గర ఆ నమ్మకం కదిలింది. బ్రీడన్ పేరు ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? మాట అర్థం పోయినప్పుడల్లా మనుషులు తల ఎత్తితే ఎదురుగా కొండ ఉంది. అర్థాన్ని భాష మరిచిపోయింది, కొండ మరిచిపోలేదు. వచ్చిన ప్రతివాడికీ అది తనను తాను చూపించి మళ్ళీ కొండ అనిపించుకుంది. కొండే లేకపోతే రేపు వచ్చేవాడు దేన్ని చూసి తన భాషలో కొండ అంటాడు? మంత్రాలకు అర్థం లేదని వాదించిన కౌత్సుడిని యాస్కుడు ఖండించాడు, చూడలేకపోవడం చూసేవాడి లోపమని. నిజమే. కానీ చూడాల్సిన వస్తువునే తీసేస్తే ఆ లోపం ఎవరిదవుతుంది?

స్వామికి గుట్ట అక్కరలేదేమో. అక్కరైంది మా అమ్మకు. మా పొలంలో నాట్లేస్తూ నడుము పట్టేసినప్పుడు లేచి, బురద చేతులతోనే గుట్ట వైపు తిరిగి దణ్ణం పెట్టేది. దూరాన నీలంగా కనపడేది. అమ్మకు సంస్కృతం రాదు. 'యాది' అంటే జ్ఞాపకం కనుక యాదగిరి అంటే జ్ఞాపకాల గుట్ట అని ఆమె నమ్మేది. స్థలపురాణం అది యాదమహర్షి పేరంటుంది. సంస్కృతం సారు ముందు అమ్మ వ్యుత్పత్తి నిలవదు. అయినా ఆమె నన్ను పిలిచినంత కాలం నా పేరుకు ఆ అర్థమే ఉండేది.

తవ్వనే వద్దని నేను అనలేను. ఆ చర్చి రాయి కూడా ఎక్కడో తవ్విందే. మా గుట్ట మీద 2016 నుంచి 2022 దాకా కృష్ణశిలతో కొత్తగా గుడి కట్టారు, ఆ శిల ఇంకో చోటి నేలలోంచి వచ్చిందే. ఎక్కడ ఆపాలో హద్దు చూపించమంటే, జీవితమంతా హద్దులు చూపించినవాణ్ణి, నాకు చేతకావడం లేదు. ఒకటే అనగలను. సంతకం పెట్టే ముందు ఆ గుట్టను పిలిచే ముసలాయన ఎవరైనా ఉన్నాడా అని నేను అడిగి ఉండాల్సింది.

ఆ ఆదివారం బ్రీడన్ నుంచి వెళ్ళేముందు మళ్ళీ చర్చిలోకి పోయాం. తలుపు దగ్గర బల్ల మీద వచ్చినవాళ్ళు పేర్లు రాసే పుస్తకం ఉంది. పూలు సర్దుతున్న పెద్దావిడ రాయమన్నట్టు పెన్ను నా వైపు జరిపింది. తెలుగులో రాశాను, పేరు యాదగిరి, ఊరి గడిలో యాదగిరిగుట్ట దగ్గర అని. ఆమె కళ్ళద్దాలు సర్దుకొని ఆ అక్షరాల మీదికి వంగింది. ఎలా పలకాలని అడిగితే బిడ్డ రెండింటినీ నిదానంగా పలికి వినిపించింది. అర్థం ఉందా అని ఆమె అడిగింది.

"గిరి అంటే కొండ" అన్నాను.

ఆమె వేలు పక్క గడిలోకి పోయి, చివరి మాట దగ్గర ఆగింది. "మరి ఇది?"

"అదీ కొండే."

ఆమె కాసేపు ఆ పేజీ వైపే చూసింది. తర్వాత గోడకు వేలాడుతున్న చర్చి పేరు పలక దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది.